రీగా రేవున నేర్చిన పాఠము

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములవారికి నీరనగా చెఱువు; అంతకంటె పెద్దదనగా గండిపేట. మూసీపై 1920లో గట్టిన ఆ జలాశయమును, ఈసీపై 1927లో గట్టిన హిమాయత్ సాగరమును మా పెద్దల కన్నులకు సముద్రములే. నిజమైన సముద్రము మాకు మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. అట్టి మెట్టనేలనుండి ఒకడు నౌకాదళమునకు బోయి, అందును నీటిక్రింద దిరుగు నావలో పనిచేసెనని చెప్పినచో వినువారు చిఱునవ్వు నవ్వుదురు.

ఆ నవ్వు ఇటీవల కొంత తగ్గినది. 2024 అక్టోబరు 15వ తేదీన, చేవెళ్లకు బడమరగా వికారాబాదు జిల్లా పూడూరు మండలమందలి దామగుండము అడవిలో నౌకాదళమువారి ప్రసార కేంద్రమునకు శంకుస్థాపన జరిగెను. తిరునల్వేలి ప్రాంతమున 1990లో నెలకొల్పినదాని తరువాత దేశమున నిట్టిది రెండవది. సామాన్యమైన రేడియో తరంగములు సముద్రజలమున జొరజాలవు. మిక్కిలి దీర్ఘమైన తరంగములు మాత్రమే కొన్ని మీటర్ల లోతువఱకు చొచ్చి, మునిగియున్న నావకు వార్త నందించును. ఆ కేంద్రముకొఱకు పోవు చెట్లనుగూర్చి ప్రజలు దిగులుపడుటయు నిజమే. ఏమైనను మా యిండ్ల పిల్లలకు నౌకాదళమను మాట దగ్గఱయైనది. "తాతా, నువ్వు సబ్‌మెరీన్ల ఉన్నవంట గద, యుద్ధం జూసినవా?" అని వారు న న్నడుగుచున్నారు.

యుద్ధపు సంగతులు చెప్పువారు అనేకులు కలరు. నా మనస్సున నాటుకొన్నది వేఱొకటి. 1969–70 శీతకాలమున రీగా రేవులో నేను నేర్చినది శస్త్రవిద్యకంటె గృహవిద్యకు జేరినది. తమ యిండ్లను దిద్దుకొనగోరు చదువరులకు అది పనికివచ్చునని తోచి వ్రాయుచున్నాను.

నేను 1964లో నౌకాదళమున జేరితిని. అప్పటికి నాకు పదునాఱేండ్లు. విశాఖపట్టణమందు బాలనావికులకు శిక్షణ నిచ్చు స్థావరమునకు ఐ.ఎన్.ఎస్. సర్కార్సు అని పేరు. ఉత్తర సర్కారుల పేరే దానికి వచ్చినది. అచట తెలుగు బాలురు పలువురుండిరి. నేను నోరు విప్పగానే వారు నవ్వెడివారు. "యాడికి" అన్నను నవ్వే, "గట్లనే" అన్నను నవ్వే. నాది తెలుగే కాదనియు, ఉర్దూ కలిసిన కలగూరగంప యనియు వారి యభిప్రాయము. వారియందు ద్వేషమేమియు లేదు. అంతకుముందు వారు మా ప్రాంతపు మాట విని యెఱుగరు. అయినను కొన్ని మాసములలో నేను మాటలాడుట తగ్గించి పనిలో మెలకువ పెంచుకొంటిని. విద్యుద్విభాగమున నన్ను దీసికొనిరి. పిదప జలాంతర్గాముల కెన్నుకొనిరి.

భారత నౌకాదళపు మొదటి జలాంతర్గామియగు కల్వరి 1967 డిసెంబరు 8వ తేదీన, నాడు సోవియట్ సమాఖ్యలో నుండిన లాట్వియాకు రాజధానియగు రీగాలో మన పతాకము నెత్తెను. ఆ తరగతిలో నాలుగవదియగు కుర్సురా 1969 డిసెంబరు 18వ తేదీన అదే రేవున దళమున జేరెను. నేను దాని నావికులలో నొకడను. తొంబదియొక్క మీటర్ల పొడవుగల ఉక్కుగొట్టము, అందు డెబ్బదియైదుగురము, మూడు డీసెలు యంత్రములు, మూడు విద్యుత్ మోటారులు. మనుష్యుడు చేయి చాపుకొనుటకైనను వెదకుకొనవలసినంత యిఱుకు. బ్యాటరీలును, మీటలపలకలును నా పని. ప్రతి మీటపైనను రష్యను అక్షరములే యుండెను. ఒక మీటకు బదులు వేఱొకటి యొత్తినచో ప్రాణములకే ముప్పు గనుక ఆ భాషను పట్టుదలతో నేర్చితిమి. మాకు నేర్పిన రష్యను గురువులు మిక్కిలి యోపికగలవారు. వారియందు నాకు నేటికిని గౌరవమే.

రీగా దౌగవా నది సముద్రమున గలియుచోటికి చేరువనున్న నగరము. నడిశీతకాలమున ఆ వెడల్పైన నది గడ్డకట్టి, దానిపై మనుష్యులు నడచుచుండిరి. డిసెంబరులో పగలు ఏడు గంటలైనను నిలువదు. మండువేసవిలో గొంగడి నీడను కూర్చుండి చేను గాచిన నాకు ఊపిరి కంటియెదుటనే పొగయగుట వింతగా నుండెను. పూర్వము గాలియోడలను నిలుపుటకు గట్టిన అయిదు కొట్టముల సామగ్రితో 1930లో దెఱచిన పెద్ద అంగడి యొకటి నది యొడ్డున గలదు. అందు నల్లని రొట్టెలు, పులియబెట్టిన క్యాబేజి, పొగవేసిన చేపలు అమ్మువారిలో స్త్రీలే హెచ్చు. వీథులలో ట్రాము నడపువారిలోను స్త్రీలుండిరి. పీటరు దేవళపు శిఖరము 1941లో యుద్ధమున గాలిపోగా, నేనున్ననాటికి ఆ దేవళము మొండిగోపురముతోనే యుండెను. 1973లో మరల శిఖరము నిలిపిరి.

ఈ నగరమున రెండు భాషలు వినవచ్చుచుండెను. కచేరీలలో, రేవులో, పెద్దయుద్యోగముల యొద్ద రష్యను; వంటయింట, అంగడిలో, ముసలివారి నోట లాట్వియను. 1940లో సోవియట్ సమాఖ్య ఆ దేశమును గలుపుకొనెను. యుద్ధానంతరము రష్యను మాటలాడువారు పెక్కుమంది వచ్చి స్థిరపడిరి. నగరమధ్యమున స్వాతంత్ర్య స్తంభమొకటి కలదు. మూడు నక్షత్రములను చేతులెత్తి పట్టిన స్త్రీమూర్తి దాని కొననుండును. దేశము స్వతంత్రముగా నున్నపుడు, 1935లో దానిని నిలిపిరి. నేనున్న దినములలో దాని పాదములకడ పూలుంచినవారిపై అధికారుల కన్ను పడెడిది. రేవులో లాట్వియను కార్మికుడు తోడివానితో తన భాషలో మాటలాడుచుండి, పైయధికారి రాగానే రష్యనునకు మాఱుట నేను దినదినము చూచెడివాడను.

ఆ మార్పు నాకు క్రొత్తగాదు. నైజాము కాలమున మా నాయనయు నట్లే మాఱెడివాడట. ఎడ్లతో తెలుగు, ఇరుగుపొరుగువారితో తెలుగు. తహసీలు కచేరి గడప ద్రొక్కగానే వచ్చీరాని ఉర్దూ. భూమినిగూర్చి కాగితము వచ్చినచో చదివించుకొనుటకు చేవెళ్లకు నడచిపోయి, మున్షీకి డబ్బు లిచ్చి, అతడు చెప్పినదే నిజమని నమ్మి వచ్చెడివాడు. ఇందు ఉర్దూభాష దోషమేమియు లేదు. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము వైద్యమును, యంత్రశాస్త్రమును సైతము ఉర్దూలో బోధించి, దేశభాషలు ఉన్నతవిద్యకు జాలునని నిరూపించినది. మా పొరుగు ముస్లిం కుటుంబములు మాతో తెలుగే మాటలాడెడివి. రైతునకు తెలియని భాషలో రైతు బ్రతుకును వ్రాయుటయే దోషము.

ఇక ముఖ్యవిషయము. మేము సాయంకాలములందు పోవు నావికుల క్లబ్బు గుమ్మమునొద్ద కోట్లు భద్రపఱచు ఒక వృద్ధురాలుండెను. ఆ చలిదేశములలో లోనికి బోవువారు పైకోటు విప్పి యప్పగించి, అంకెగల బిళ్ల నొకదానిని పుచ్చుకొందురు. ఆమె మాతో రష్యనులో రెండు ముక్కలు పలికి బిళ్ల నిచ్చెడిది. బడి విడిచిన పిదప ఆమె మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, వచ్చి కోట్లవరుస వెనుక బల్లపై గూర్చుండెడిది. ఆ పిల్లతో ముసలమ్మ రష్యను పలుకదు. ముందు బడిపాఠములు, అవి ముగిసిన వెంటనే సంచిలోనుండి అట్ట చినిగిన పుస్తకమొకటి దీసి, ఆమె "లసి" యనెడిది. లాట్వియనులో 'చదువు' మని దాని యర్థము. పిల్ల ఒక పుట బిగ్గరగా జదివెడిది. ఎక్కడనైన తడబడినచో ముసలమ్మ కోట్లు తగిలించుచునే, వెనుకకు దిరుగకయే, ఆ మాటను దిద్దెడిది. వరుసలో ఎందఱు నిలిచియున్నను ఆ పుట ముగియవలసినదే.

ఒకనాడు నేను రష్యనులో నామెను, "అవ్వా, లాట్వియను బడిలో నేర్పరా?" అని యడిగితిని. "నేర్పుదురు. బడి తన పుస్తకము నేర్పును, నేను నా పుస్తకము నేర్పుదును" అని యామె చెప్పెను. ఆ పుస్తకము తన తల్లిదట. తల్లికి చదువు నేర్పినది ఆమె తల్లి. అదియు బడిలో గాదు, రాట్నము ప్రక్కన. ఆ దేశమున గ్రామములలో బడులు విస్తరింపకముందే తల్లులు నూలు వడుకుచు, ప్రక్కన బిడ్డను గూర్చుండబెట్టుకొని అక్షరములు నేర్పెడి యాచారము కలదు. మతగ్రంథము చదువలేని పిల్లకు దేవళమున పెద్దలలో చోటు దొరకదు గనుక ఈ యాచారము బలపడెను. 1897లో రష్యా సామ్రాజ్యమున జనగణన జరిపినపుడు అక్షరాస్యతలో బాల్టికు మండలములు ముందువరుసలో నుండుటకు గల కారణములలో ఈ రాట్నపు బడి యొకటి. రాట్నము మన యిండ్లలోను దిరిగినది. దాని ప్రక్కన పుస్తకము మాత్రము లేకపోయినది.

కోటుబిళ్లలపై అంకెలు చూపి ఆమె నాకు లెక్క నేర్పెను. దివి, త్రీస్, చెత్రి, పియెత్సి యని యామె లెక్కించుచుండగా నాకు మా యూరి పురోహితుని సంకల్పము స్ఫురించెను. నిప్పును వారు ఉగున్స్ అందురు. దేవుని దియెవ్స్ అందురు. తల్లిని మాతె యందురు. అగ్నికిని, దేవునకును, మాతకును ఇవి దాయాదులని పండితులు చెప్పగా నేను పిమ్మట వింటిని. నా భాష యెట్లుండునో వ్రాసి చూపుమని యామె యడుగగా చిన్న కాగితముపై 'అవ్వ' అని వ్రాసి, మా ప్రాంతమున తల్లి నిట్లే పిలుతుమని చెప్పితిని. ఆమె గుండ్రని యక్షరములను చాలసేపు చూచి, "మీ యమ్మ దీనిని చదువగలదా?" అని యడిగెను. చదువలేదని చెప్పితిని. ఆమె మఱేమియు ననక ఆ కాగితమును తన పుస్తకములో నుంచుకొనెను.

మా యవ్వ చదువలేదనిన నేమో మీకు కొంత వివరింపవలెను. నేను నౌకాదళమున జేరిన తొలి యేండ్లలో మా యూర ఉత్తరము చదువగలవారు నలుగురైదుగురే. చెల్లెలు అప్పటికి చిన్నపిల్ల. ఉత్తరము రాగానే అవ్వ దానిని కొంగున ముడివేసికొని ఒకరి యరుగునొద్దకు బోయి, వారికి తీరికయగువఱకు నిలిచియుండెడిది. వారు చదువుచుండగా వినువారు పదుగురు చేరెడివారు. ఒకమాఱు అప్పు తీర్చుటకు అఱువదిరూపాయలు పంపుచున్నానని వ్రాసితిని. అవ్వ యిల్లు చేరకమునుపే అప్పులవాడు మా గడపయొద్ద నిలిచియుండెను. కొడుకు తల్లికి రహస్యముగా చెప్పుకొనదగిన మాట ఒక్కటియు నుండుటకు వీలులేదు. పేదయింట నిరక్షరత యనగా తలుపు లేకపోవుటయే.

చెల్లెలు పెద్దదై చదువుట నేర్చిన పిదప ఆ బాధ కొంత తీఱెను. కాని 1969 నాటికి దానికి పదుమూడేండ్లు; పెండ్లి మాటలు వచ్చుచుండెను. ఆ పిల్ల యత్తవారింటికి బోయినచో ఉత్తరము మరల అరుగులపాలే. నేను నవంబరులో చెల్లెలికి వ్రాసిన యుత్తరమున ఈ కోట్ల ముసలమ్మ సంగతి, రాట్నపు బడి సంగతి వినోదముగా వ్రాసితిని. అంతకుమించి ఏమియు చెప్పలేదు.

ఫిబ్రవరి మొదటివారమున బొంబాయి ఫ్లీటు మెయిలు ఆఫీసుమీదుగా నాకొక యుత్తరము వచ్చెను. పెద్దపెద్ద అక్షరములు, గీతలకు పైన కొన్ని, క్రింద కొన్ని. "కొడుకా, ఇది నేనే రాస్తున్న. నీ చెల్లె దిద్దిపిచ్చింది. కందులు కొట్టినం. మనియాడరు వచ్చింది, ఎవ్వలకు చెప్పలే. సలికి పైలం. మీ అవ్వ." ఇంతే.

ఆ సాయంకాలము దానిని ముసలమ్మకు జూపితిని. ఆమె చేతులు తుడుచుకొని కాగితము పుచ్చుకొని, చివరనున్న 'అవ్వ' అను మాటను తన పుస్తకములోని కాగితముతో పోల్చి గుర్తించెను. పిదప ఉత్తరమును నాకే యిచ్చి, "లసి" యనెను. నేను చదివితిని. విశాఖలో పలుకుటకు జంకిన మాటలను, రీగాలో, కోట్లు చేతబట్టుకొని నిలిచిన యిరువదిమంది యెదుట బిగ్గరగా జదివితిని. వారిలో నొకరికిని అర్థము కాలేదు. ముసలమ్మ మనుమరాలితో తమ భాషలో ఏదియో చెప్పెను; ఆ పిల్ల నావైపు చూచి తలయూపెను.

1970 ఫిబ్రవరి 20వ తేదీన కుర్సురా స్వదేశమునకు బయలుదేరెను. 1967 యుద్ధమువలన సూయజు కాలువ మూతపడి యున్నందున ఆఫ్రికాఖండము చుట్టి రావలసివచ్చెను. గోథెన్‌బర్గు, లా కొరూన్యా, తకొరాడి, మారిషసు రేవులు చూచితిమి. ప్రతి రేవునుండియు అవ్వకు ఉత్తరము వ్రాసితిని. ఇపుడు మా యుత్తరములకు తలుపు కలదు. ఇల్లు చేరునప్పటికి పెండ్లి మాటలు వెనుకబడినవి. "నాకు అచ్చరం ఇచ్చిన పిల్లను బడి మాన్పియ్య" అని అవ్వ పట్టుబట్టి కూర్చుండెనట. చెల్లెలు చేవెళ్లలో చదువు సాగించి, ఉపాధ్యాయినియై, ముప్పదియేండ్లు పిల్లలకు తెలుగు నేర్పెను. 1971 జనగణనలో ఆంధ్రప్రదేశ స్త్రీలలో అక్షరాస్యులు నూటికి పదునాఱుగురైనను లేరు. ఆ కొద్దిమందిలో మా యవ్వయు నొకతె యని లెక్కించునపుడు నాకు గలుగు గర్వము కుర్సురాలో పనిచేసినందులకైనను గలుగదు. ఆ నావ 2001 ఫిబ్రవరిలో విశ్రాంతిపొంది, మఱుసటి సంవత్సరమునుండి విశాఖ రామకృష్ణా తీరమున ప్రదర్శనశాలగా నున్నది. మీలో ననేకులు పిల్లలతో దానిని జూచియే యుందురు.

రీగా కథ పిమ్మట పత్రికలలో జదివి తెలిసికొంటిని. లాట్వియను జనులు తమ జానపద గీతములను దైనలందురు. ఇవి చాలవఱకు నాలుగేసి పాదముల చిన్నపాటలు. పొలమున, పెండ్లిలో, ఊయెలయొద్ద స్త్రీలు పాడుకొన్నవి. క్రిష్యానిస్ బారోన్స్ అను పండితుడు ఊరూరినుండి వచ్చిన పాటలను చిన్నచీటీలపై నెక్కించి, సొరుగులపెట్టెలో వరుసగా నమర్చి, 1894 మొదలు 1915 వఱకు సంపుటములుగా బ్రకటించెను. ఆ సంపుటములలోని పాటల సంఖ్య 2,17,996. రాజ్యము లేని దినములలో ఆ సొరుగులపెట్టెయే వారికి కోశాగారము. 1873లో రీగాలో మొదలైన పాటల పండుగ సోవియట్ కాలమునను ఆగలేదు. 1989 ఆగస్టు 23వ తేదీన తాలిన్ నుండి రీగామీదుగా విల్నియస్ వఱకు, ఆఱువందల కిలోమీటర్ల పొడవున, ఇంచుమించు ఇరువదిలక్షల జనులు చేతులు పట్టుకొని నిలిచిరి. 1991లో లాట్వియా మరల స్వతంత్రమాయెను. ఆ యుద్యమమునకు పాటల విప్లవమను పేరు వచ్చినది. నాటి గొలుసులో ఆ మనుమరాలు నిలిచెనో లేదో నే నెఱుగను. అప్పటి కామెకు ఇరువదియెనిమిదేండ్లుండును. నేడు అచటి రష్యను కుటుంబములు బడులలో తమ భాషకు చోటు తగ్గినదని వగచుచున్నవి. తన భాషను నిలుపుకొనుట వేఱు, పొరుగువాని భాషను త్రోయుట వేఱు. ఆ భేదము గుర్తుంచుకొనుట ఏ దేశమునకైనను కష్టముగనే యున్నది.

ఇట్టి చరిత్ర మనకును కలదు. 1921 నవంబరులో హైదరాబాదునందు సంఘసంస్కరణ మహాసభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితము ధారపోసిన ధోండో కేశవ కర్వేగారు దాని కధ్యక్షులు. అందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ మొదలిడగా, సభలో కొందఱు పరిహసించి సాగనీయరైరి. సంస్కరణ కొఱకు గూడిన సభలోనే తెలుగునకు చోటు లేకపోయెను! ఆ యవమానమునుండి ఆంధ్ర జన సంఘము పుట్టినది. అది పెరిగి ఆంధ్ర మహాసభ యైనది. మా మొయినాబాదు ప్రాంతమందలి పెద్దమంగళారమున 1890లో జన్మించిన కొండా వేంకట రంగారెడ్డిగారు 1936లో షాద్‌నగరున జరిగిన మహాసభకు అధ్యక్షత వహించిరి. తెలంగాణమున కవులే లేరన్న మాటకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. 1950ల దశకమున ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయములపై పరిశోధించి, ఆడువారి నోటిపాటకు విశ్వవిద్యాలయమున పీట వేసిరి. రీగావారి సొరుగులపెట్టెకు మన తోబుట్టువులివి.

ఆనాడు తెలుగును త్రోసినవాడు బయటివాడని చెప్పుకొనుటకు వీలుండెను. నేడు త్రోయువారెవరు? మొయినాబాదునుండి చేవెళ్లవఱకు మఱ్ఱిచెట్ల బాటవెంట బడులకు కొదువలేదు. 2018 నాటి చట్టము పదవ తరగతివఱకు తెలుగు నేర్పవలెనని శాసించినది. అయినను తెలుగు వాచకము పరీక్షదినమున దెఱచి మరునాడు మూయబడుచున్నది. అవ్వ మాట పిల్లవాడు వినగలడు, బదులు చెప్పగలడు. అవ్వ వ్రాసిన యుత్తరము చదువలేడు. మా యవ్వ యుత్తరములు ఏబదికి పైగా పెట్టెలో నున్నవి. వానిని చదువగల మునిమనుమలు మా బంధువర్గమున నిద్దఱే.

ఇంగ్లీషు వలదని నేను చెప్పుట లేదు. ఇంగ్లీషుతో దళమున బ్రతికితిని. రష్యనుతో ప్రాణము గాచుకొంటిని. చిలుకూరు బాలాజీ గుడిలో విదేశయాత్ర కోరి పదునొకండు ప్రదక్షిణములును, కోరిక తీఱిన పిదప నూటయెనిమిదియు చేయు యువకులను జూచి నేను సంతసింతును. పోవలసినదే, లోకమును జూడవలసినదే. కాని పోయినవారికి ఇంటినుండి చేరు మాట యేది? ఫోనున ముఖము కనబడును, మాట వినబడును, అంతటితో గాలిలో గలియును. తల్లి పోయిన పదియేండ్లకు పెట్టెలోనుండి దీసి చదువుకొనుటకు అందేమియు మిగులదు.

అందువలన గృహస్థులకు, ముఖ్యముగా గృహిణులకు, నా మనవి మూడు మాటలు. మొదటిది: బడిపాఠములు ముగిసిన వెంటనే ఒక్క పుట తెలుగు బిడ్డచేత బిగ్గరగా జదివింపుడు. పది నిమిషములు చాలును. మీరు పక్కన గూర్చుండి వినుట కూడ నక్కఱలేదు. కూర తరుగుచునే వినవచ్చును, తడబడినచోట దిద్దవచ్చును. పుస్తకము పెద్దదిగా, గొప్పదిగా నుండ బనిలేదు. ఇంటిదై యుండిన జాలును. రెండవది: ఇంట ముసలివారి నోట నున్న పాట, సామెత, పిండివంట చేయు తీరు పిల్లచేత వ్రాయింపుడు. "యాడికి", "గట్లనే" యని వారు పలికినట్లే వ్రాయనిండు, దిద్దకుడు. వేఱొకరి నవ్వునకు వెఱచి మాటను మాపుకొన్నవాడు వ్రాతనుగూడ మాపుకొనును.

మూడవది కొంచెము కష్టము. నేడు మొయినాబాదు చుట్టును తోటయిండ్లు వెలసినవి. వానిలో కావలి యుండు కుటుంబములును, మీ యింట అంట్లు తోము స్త్రీయు, మీ పొలమున కలుపు దీయు స్త్రీయు చదువగలరో లేదో యడిగి తెలిసికొనుడు. తెలుగువారైనచో తెలుగు, పరరాష్ట్రమువారైనచో వారి భాష. ఏదైనను వారి పేరు, వారి బిడ్డల పేర్లు, వారి కూలిలెక్క వారే చదువుకొనునంత నేర్పించుడు. నేర్పుటకు మీ యింటి పదుమూడేండ్ల పిల్ల చాలును. ఆ పిల్లకును అంతకంటె మంచి చదువు లేదు. ఒకరికి అక్షరము నిచ్చిన పిల్ల తన యక్షరమును తేలికగా విడువదు.

ప్రభుత్వములు మాఱును, కచేరి భాషలు మాఱును. నా యొక్క జీవితకాలముననే రీగాలో రెండు పతాకములు ఎగిరినవి. మా నాయన జీవితకాలమున మా కచేరిలో రెండు భాషలు నడచినవి. వీనిని నిలుపుటయు మార్చుటయు మన చేతిలోని పని గాకపోవచ్చును. సాయంకాలము ఒక పుట చదివించుటకు మాత్రము ఏ ప్రభుత్వము ననుమతి యడుగ నక్కఱలేదు.